బరువు ఏ కాలి మీద ఉంది?

"మేడమ్, నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. ఈ ఏడాదే విశాఖపట్నంలో బి.ఎఫ్.ఎ. (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) మొదటి సంవత్సరంలో చేరాను. చిన్నప్పటి నుంచి ఫోటోల మీద గళ్లు గీసుకుని సినిమా హీరోల బొమ్మలు వేసేదాన్ని. స్కూల్లో ప్రైజులన్నీ నావే. ఇప్పుడు లైఫ్ క్లాసులో మోడల్‌ని కూర్చోబెట్టి పదిహేను నిమిషాల్లో వేయమంటే ముఖం దగ్గరే టైమ్ అయిపోతోంది. తల పెద్దదైపోతుంది, కాళ్లు కాగితంలో పట్టవు. పూర్తి చేసినా కొయ్యబొమ్మలా బిగుసుకుపోయి ఉంటుంది. 'నీ బొమ్మలో ప్రాణం లేదు' అన్నారు మా సర్. కోచింగ్ తీసుకుని వచ్చిన వాళ్లు నా పక్కనే చకచకా వేసేస్తుంటే ఏడుపొస్తోంది. అనాటమీ పుస్తకం కొని కండరాల పేర్లన్నీ నేర్చుకోవాలా? రోజుకి ఎన్ని గంటలు వేయాలి? నాకు అసలు టాలెంట్ లేదేమో, అప్లైడ్ ఆర్ట్‌కి, అంటే ప్రకటనలు, పోస్టర్ల డిజైన్ వైపుకి మారిపోవడం మంచిదా?"

— బి.ఎఫ్.ఎ. విద్యార్థిని, విశాఖపట్నం

అమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఆ గళ్ల బొమ్మల సంగతి మాట్లాడుకుందాం, నీ భయమంతా అక్కడే మొదలైంది కాబట్టి. ఫోటో చూసి వేసినప్పుడు పనిలో సగం కెమెరా చేసి పెట్టింది. ఎత్తూ లోతూ ఉన్న మనిషిని చదునైన కాగితం మీదికి అదే దించేసింది. నువ్వు ఆ గళ్లలో ఉన్నది ఈ గళ్లలోకి మార్చావు. అందులో ఓపిక నేర్చుకున్నావు, వెలుగునీడలు గమనించడం నేర్చుకున్నావు. అవి ఎక్కడికీ పోవు. కానీ ఎదురుగా ఊపిరి తీసుకుంటూ కూర్చున్న మనిషిని కాగితం మీదికి దించే పని నువ్వు మొదటిసారి చేస్తున్నది ఈ ఏడాదే. పదేళ్లుగా చేస్తున్న పని ఇప్పుడు రాకుండా పోయిందని అనుకుంటున్నావు. అది కాదు జరిగింది. ఇది వేరే పని, దీన్ని నువ్వు ఇప్పుడే మొదలుపెట్టావు. కోచింగ్‌కి వెళ్లినవాళ్లు ఒక ఏడాది ముందు మొదలుపెట్టారు. తేడా అంతే.

ఇక బొమ్మ ఎందుకు బిగుసుకుపోతోందో చెబుతాను. నువ్వు తలతో మొదలుపెట్టి కిందికి దిగుతున్నావు. కళ్లు, ముక్కు, మెడ, భుజం, ఇలా ఒక్కో భాగం పూర్తి చేసుకుంటూ వస్తున్నావు. ఆ వరసలో పాదాల దగ్గరికి వచ్చేసరికి కాగితమూ అయిపోతుంది, టైమూ అయిపోతుంది. మనిషి నిలబడేది పాదాల మీద కదా! నిలబెట్టేదాన్ని చివరికి వదిలేస్తే బొమ్మ ఎలా నిలబడుతుంది?

నేను చదువుకునే రోజుల్లో మా క్లాసుకి ఒక పెద్దావిడ మోడల్‌గా వచ్చేది. మిగతా రోజుల్లో కూలి పనికి వెళ్లేది. ఒకరోజు విరామంలో టీ తాగుతూ నా బోర్డు దగ్గరికి వచ్చింది. నేను ముఖం చాలా బాగా వేశానని మురిసిపోతున్నాను. ఆవిడ ముఖం వైపు చూడనే లేదు. కాళ్ల వైపు చూపించి, "ఇలా నిలబడితే పడిపోతాను తల్లీ" అంది. ఆ మాట నాకు ఏ పాఠంలోనూ దొరకలేదు. బరువంతా కుడికాలి మీద వేసుకుని అరగంట నిలబడ్డ మనిషికి తెలుసు, నా బొమ్మలో ఆ బరువు ఏ కాలి మీదా లేదని. ఆ రోజు నుంచి బోర్డు ముందు కూర్చోగానే నన్ను నేను అడిగే మొదటి ప్రశ్న అదే. బరువు ఏ కాలి మీద ఉంది?

నువ్వూ అక్కడే మొదలుపెట్టు. ఒక దారానికి తాళంచెవి కట్టుకో. తాపీమేస్త్రీ గోడ నిటారుగా ఉందో లేదో చూసుకోవడానికి గుండు వేలాడదీస్తాడు చూడు, అలాగే దాన్ని కంటి ముందు వేలాడదీసి మోడల్‌ని చూడు. ఎదురుగా నిలబడ్డ మనిషి గొంతు కింద, రెండు కాలర్ ఎముకల మధ్య చిన్న గుంట ఉంటుంది. అక్కడి నుంచి దారం నేరుగా ఎక్కడికి దిగుతోందో గమనించు. రెండు కాళ్ల మీద సమంగా నిలబడితే పాదాల మధ్యకి దిగుతుంది. ఒక్క కాలి మీద బరువు వేస్తే ఆ కాలి చీలమండ దగ్గరికి దిగుతుంది. బరువు మోసే వైపు నడుము పైకి లేస్తుంది, ఆ వైపు భుజం కాస్త కిందికి వాలుతుంది. రెండో కాలు సడలిపోయి, మోకాలు కొంచెం ముందుకి వంగుతుంది. భుజాల గీత ఒక వైపు వాలితే నడుము గీత రెండో వైపు వాలడం, ఆ రెంటి మధ్య వెన్ను వంపు తిరగడం, ఇదంతా నీకు కొత్తేమీ కాదు. చంకన బిందె పెట్టుకుని వచ్చే మీ ఊరి ఆడవాళ్లని గుర్తు చేసుకో. ఎడమ నడుము మీద బిందె ఉంటే నడుము ఎడమకి తోసుకువస్తుంది, పైశరీరం కుడికి వాలుతుంది, కుడిచెయ్యి దూరంగా గాలిలోకి వెళుతుంది. ఆ చెయ్యి అందం కోసం అలా వెళ్లలేదు, బిందె బరువుని సరితూచడానికి వెళ్లింది. ఇది చూసి వేస్తే బొమ్మలో ప్రాణం దానంతటదే వస్తుంది. మీ సర్ అడుగుతున్నది ఇదే అనుకుంటున్నాను.

కాబట్టి మొదటి నెల రోజులు ముఖం వేయకు. కళ్లు వద్దు, వేళ్లు వద్దు, షేడింగ్ వద్దు. తల కోసం ఒక కోడిగుడ్డు ఆకారం చాలు, అది ఎటు వాలి ఉందో తెలిస్తే సరి. తర్వాత తల నుంచి బరువు మోసే పాదం దాకా ఒకే ఒక్క గీత. శరీరం మొత్తం ఎటు సాగుతోందో ఆ గీత చెప్పాలి. దాని మీద భుజాల వాలు, నడుము వాలు. తర్వాత పాదాలు నేల మీద ఎక్కడున్నాయో రెండు గుర్తులు. ఇంత వేయడానికి ముప్పై సెకన్లు చాలు. మొదట్లో చాలదనిపిస్తుంది, ఓ యాభై వేశాక చాలుతుంది. ఒక పెద్ద కాగితం మీద ఇలాంటివి పది వేసి, తర్వాత రెండు నిమిషాలవి నాలుగు, అప్పుడు పదిహేను నిమిషాలది ఒకటి వెయ్యి. ఆ చివరిది వేసేటప్పుడు కూడా మొదటి నిమిషం ఈ ముప్పై సెకన్ల పనికే ఇవ్వు. మిగతా పద్నాలుగు నిమిషాలు దాని మీద కట్టుకుంటూ వెళ్లడమే.

కాళ్లు కాగితంలో పట్టకపోవడానికి మందు చాలా సులువు. ఏదీ గీయకముందే తల పైభాగానికి ఒక గుర్తు, పాదాల అడుగుకి ఒక గుర్తు పెట్టు. నిలబడ్డ మనిషిలో సగం ఎక్కడొస్తుందో చూడు. అందరూ నడుము దగ్గర అనుకుంటారు. నిజానికి అంతకన్నా కిందికి, తొడలు మొదలయ్యే చోటికి వస్తుంది. అంటే కాళ్లు ఒంట్లో సగం! పెన్సిల్‌తో కొలిచేటప్పుడు ఒక కన్ను మూసి, మోచెయ్యి పూర్తిగా చాచి పట్టుకో. మోచెయ్యి కాస్త వంగినా కొలత మారిపోతుంది.

ఇంకో మాట, బోర్డుని ఒళ్లో చదునుగా పెట్టుకుని వేస్తున్నావా? మొదటి ఏడాది పిల్లలు చాలామంది అలాగే వేస్తారు. అలా ఏటవాలుగా చూస్తూ వేసిన బొమ్మ, కాగితాన్ని నిలబెట్టి చూస్తే సాగిపోయినట్టు కనిపిస్తుంది. బోర్డు నీ చూపుకి ఎదురుగా నిలబడి ఉండాలి. ఈజిల్ (బోర్డు నిలబెట్టే స్టాండు) దొరక్కపోతే ముందు కుర్చీ వీపుకి ఆనించుకో. రెండు నిమిషాలకోసారి లేచి నాలుగడుగులు వెనక్కి వెళ్లి మోడల్‌నీ బొమ్మనీ పక్కపక్కన చూడు. బోర్డు దగ్గర కూర్చుంటే కనబడని తప్పు నాలుగడుగుల దూరంలో కనబడుతుంది.

పెన్సిల్ మొన చేతిలో ఉంటే చెయ్యి కనురెప్పల వెంట్రుకల మీదికే పోతుంది. అందుకని కొన్నాళ్లు చార్‌కోల్ (బొమ్మలు వేసే బొగ్గు) ముక్కని పక్కకి పడుకోబెట్టి వెయ్యి. గీత మణికట్టు నుంచి కాకుండా భుజం నుంచి రావాలి. కాగితం ఖరీదైనది వద్దు, న్యూస్‌ప్రింట్ చాలు. పాడైపోతుందన్న భయం ఉంటే చెయ్యి సాగదు. రబ్బరు హాస్టల్లో వదిలి వెళ్లు. తప్పు గీత పడితే దాని పక్కనే సరైన గీత వెయ్యి. ఆ రెండు గీతల మధ్య దూరమే నీకు ఆ రోజు పాఠం, చెరిపేస్తే పాఠం కూడా పోతుంది.

కొలతల గురించి రెండు ముక్కలు. పుస్తకాల్లో మనిషి ఎనిమిది తలల ఎత్తు అని ఉంటుంది. అది ఆదర్శంగా పెట్టుకున్న కొలత. నిజం మనుషులు ఏడు, ఏడున్నర తలల దగ్గర ఉంటారు, చిన్నపిల్లల్లో తల వాటా ఇంకా ఎక్కువ. మన శిల్పులకీ ఒక లెక్క ఉంది. నవతాళం అంటే తొమ్మిది తాళాలు, తాళానికి 12 అంగుళాల చొప్పున మొత్తం 108. ఆ అంగుళం మన స్కేలు మీద ఉండేది కాదు, విగ్రహం సైజుని బట్టి మారే కొలత. తాళం అంటే ముఖం పొడవే తప్ప మొత్తం తల కాదు. ఈ తేడా తెలియక రెండు లెక్కలూ కలిపేసి తికమక పడేవాళ్లని చూశాను. ఏ లెక్కయినా అనుమానం వచ్చినప్పుడు సరిచూసుకోవడానికే. ఎదురుగా నిలబడ్డావిడ ఆరున్నర తలల మనిషి అయితే ఆరున్నరే వెయ్యి.

అనాటమీ పుస్తకం కొను, కానీ కండరాల పేర్లు బట్టీ పట్టకు. ఈ ఏడాదికి ఎముక చర్మానికి దగ్గరగా తగిలే చోట్లు తెలిస్తే చాలు. లావుగా ఉన్నా సన్నగా ఉన్నా ఆ చోట్లు పెద్దగా మారవు, అందుకే వాటిని పట్టుకుంటే బొమ్మ జారిపోదు. నీ ఒంటి మీదే తడుముకో. కాలర్ ఎముకలు, భుజం చివర, తల వంచితే మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక, మోచేతి మొన, మణికట్టు పక్కన చిటికెనవేలి వైపు గుబ్బ, నడుము రెండు వైపులా తగిలే ఎముక అంచులు, మోకాలిచిప్ప, చీలమండలు. చీలమండల దగ్గర ఆగి చూడు. లోపలి గుబ్బ పైకి ఉంటుంది, బయటిది కిందికి ఉంటుంది. పిక్కలో మాత్రం దీనికి ఎదురు, బయటి ఉబ్బు పైకి, లోపలిది కిందికి. ఈ రెండూ సమంగా వేశావంటే కాలు గొట్టంలా తయారవుతుంది. అరచెయ్యి పైకి పెట్టి, నెమ్మదిగా కిందికి తిప్పుతూ ముంజేతిని రెండో చేత్తో పట్టుకుని చూడు, లోపల ఒక ఎముక ఇంకో ఎముక మీదుగా అడ్డంగా వెళ్లడం తెలుస్తుంది. పుస్తకంలో ఆ బొమ్మ తర్వాత చూడు, అప్పుడు మరిచిపోవు.

పాదాలు వేయడానికి మన దగ్గర ఉన్నంత అవకాశం చాలా దేశాల విద్యార్థులకి ఉండదు. మన ఇళ్లల్లో, గుళ్లల్లో, పొలాల్లో అందరివీ వట్టి కాళ్లే. హాస్టల్ గదిలో నీ స్నేహితురాలు పుస్తకం చదువుతూ పడుకుంటే ఆమె పాదాలు నీ వైపే ఉంటాయి. రోజుకొకటి వెయ్యి. చేతులకి నీ ఎడమ చెయ్యే మోడల్.

పోజుల విషయంలో కూడా మనకి మనవే ఉన్నాయి. విదేశీ పుస్తకాల్లో గొంతుక్కూర్చున్న మనిషి అరుదు. మన దగ్గర ఏ రచ్చబండ దగ్గర చూసినా నలుగురు అలాగే ఉంటారు. మడమలు నేలకి ఆని, మోకాళ్లు చంకల దాకా వచ్చి, చేతులు మోకాళ్ల మీదుగా ముందుకి వేలాడతాయి. ఆ చేతులు వెనక్కి లాక్కుంటే మనిషి వెనక్కి పడతాడు. మఠం వేసుకుని బియ్యం ఏరే అమ్మ, చేట చెరిగే అత్త, వాకిట్లో వంగి ముగ్గు వేసే పిన్ని, వీళ్లని సెలవులకి వెళ్లినప్పుడు వెయ్యి.

విశాఖలో ఉన్నావు కాబట్టి ఒడ్డున వల లాగేవాళ్లు కనిపిస్తే వదలకు. మడమలు ఇసుకలో గుచ్చి, ఒళ్లంతా వెనక్కి వాల్చి తాడు లాగుతారు. అక్కడ నీ తాళంచెవి దారం వేలాడదీస్తే అది పాదాల మీద పడదు, పాదాలకి వెనక పడుతుంది. అయినా వాళ్లు పడిపోవడం లేదంటే తాడు పట్టి ఉంచుతోంది. అక్కడ మనిషి కన్నా ముందు తాడు గీత వెయ్యి. తాడు బిగువు సరిగ్గా పడితే ఆరుగురు మనుషులూ దానికి వేలాడినట్టు వచ్చేస్తారు. తాడు వదులుగా పడిందా, వాళ్లంతా ఇసుకలో కూలబడబోతున్నట్టు ఉంటారు.

బయట స్కెచ్ వేయడానికి ఆడపిల్లగా నీకు జంకు ఉంటుందని తెలుసు. నాకూ ఉండేది. ఒంటరిగా వెళ్లకు, ఇంకో అమ్మాయిని తోడు తీసుకెళ్లు. వీపు గోడకి ఆనేలా కూర్చుంటే వెనక గుంపు చేరదు. చిన్న పుస్తకం, బాల్‌పెన్ను చాలు, పెద్ద బోర్డు పట్టుకెళితే అందరూ చుట్టూ మూగుతారు. రైతుబజారు, బస్టాండు, రైల్వే ప్లాట్‌ఫారం లాంటి చోట్ల ఎదురుచూస్తున్నవాళ్లు కదలకుండా ఉంటారు. ఎవరైనా గమనించి ఇబ్బంది పడితే ఆపేసి, బొమ్మ చూపించి, నవ్వు. పనిలో ఉన్నవాళ్లు చాలాసార్లు తమ బొమ్మ చూసుకుని సంతోషిస్తారు. మనిషి సగంలో లేచి వెళ్లిపోతే బాధపడకు, అదే పేజీలో ఇంకొకరిని మొదలుపెట్టు. కూరలమ్మే ఆవిడ ఒకే పనిని మళ్లీ మళ్లీ చేస్తుంది, తూకం వేసే పోజు అయిదు నిమిషాల్లో నాలుగుసార్లు తిరిగొస్తుంది. అప్పుడు ఆగిన చోటు నుంచి కొనసాగించు.

రాత్రి పడుకునే ముందు ఆ రోజు చూసినవాళ్లలో ఇద్దరిని గుర్తు తెచ్చుకుని వెయ్యి. ఎక్కడ చెయ్యి ఆగిపోతుందో అక్కడ నువ్వు సరిగ్గా చూడలేదన్నమాట. మర్నాడు అదే చూడు. ఈ మెమరీ స్కెచ్ అలవాటుని మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకు.

బట్టల గురించి నువ్వు అడగలేదు కానీ మన కాలేజీల్లో మోడల్ ఎక్కువగా చీరలోనో లుంగీలోనో ఉంటారు కాబట్టి చెబుతున్నాను. మడతలన్నీ వేయకు. గుడ్డ ఎక్కడ ఒంటిని తాకి ఆగుతోంది, ఎక్కడ వదిలి వేలాడుతోంది, ఈ రెండు చూడు. భుజం, నడుము, మోకాలు, ఈ చోట్లే దాన్ని ఆపుతాయి. మడతలు అక్కడి నుంచే బయల్దేరతాయి.

మోడల్‌గా వచ్చే మనిషిని పేరుతో పలకరించు. ఇరవై నిమిషాలు కదలకుండా ఉండడం ఒళ్లు హూనమయ్యే పని. నమ్మకపోతే ఆ పోజులో నువ్వు అయిదు నిమిషాలు నిలబడి చూడు. ఎక్కడ నొప్పి మొదలైందో అక్కడే బరువు ఉంది, బొమ్మలో గీత అక్కడే గట్టిగా పడాలి. విరామం తర్వాత మళ్లీ అదే చోట నిలబడేలా ముందే పాదాల చుట్టూ సుద్దముక్కతో గుర్తు పెట్టడం, ఫ్యాన్ సరిగ్గా తగులుతోందో లేదో అడగడం నీ బాధ్యత అనుకో.

చూడాల్సినవీ ఉన్నాయి. మీ జిల్లాలోనే వంశధార ఒడ్డున శ్రీముఖలింగం ఉంది. తూర్పు గాంగుల కాలం నాటి ఆ గుడి గోడల మీద శిల్పాలు అలసిపోని మోడళ్లు. వాటి నడుము వాలు, భుజం వాలు మాత్రమే వేసుకుని రా. వీలు చూసుకుని రాజమండ్రి వెళ్లి చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీ చూడు. బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదివి, సొంత ఊరికి తిరిగొచ్చి, 1925లో ముప్పై ఏళ్లు నిండకుండానే పోయాడాయన. గ్యాలరీలో పెద్ద చిత్రాల దగ్గరే ఆగిపోకుండా పెన్సిల్ స్కెచ్‌ల దగ్గర ఎక్కువసేపు నిలబడు. బెంగాలీ చిత్రకారుడు నందలాల్ బోస్ 1938లో హరిపుర కాంగ్రెస్ సభల కోసం వేసిన బొమ్మలు ఫోన్లోనైనా చూడు. డప్పు కొట్టేవాళ్లు, కుట్టుపని చేసేవాళ్లు, వంట చేసే ఆడవాళ్లు, కొద్దిపాటి కుంచె గీతల్లో కుదురుగా కూర్చుని ఉంటారు. ఎవరి బరువు ఎక్కడుందో వేలు పెట్టి చూపించవచ్చు.

ఫోన్లో టైమర్‌తో పోజులు చూపించే యాప్‌లు వాడొచ్చా అంటే, మోడల్ లేని రోజున వాడు. కానీ దగ్గర్నుంచి తీసిన ఫోటోలో ముందున్న చెయ్యి ఉన్నదాని కన్నా పెద్దగా పడుతుందని గుర్తుంచుకో. మనిషి దొరికిన రోజున ఫోన్ తీయకు.

రోజుకి ఎన్ని గంటలని అడిగావు. క్లాసు కాకుండా నలభై నిమిషాలు, కానీ ప్రతిరోజూ. ఆదివారం ఆరు గంటలు కూర్చుని మిగతా రోజులు వదిలేస్తే కన్ను మళ్లీ మొదటికి వస్తుంది. ప్రతి కాగితం మీద తేదీ వెయ్యి, ఒక్కటీ చింపకు.

అప్లైడ్ ఆర్ట్‌కి మారాలా అన్న దానికి ఇప్పుడే జవాబు వెతుక్కోకు. అది నీకు నిజంగా ఇష్టమైతే సంతోషంగా వెళ్లు, మంచి దారి. మనిషి బొమ్మ రావడం లేదన్న భయంతో మాత్రం వెళ్లొద్దు. కథలకి బొమ్మ వేయాలన్నా, పోస్టర్ వేయాలన్నా, యానిమేషన్ చేయాలన్నా అక్కడా ఈ మనిషే ఎదురవుతాడు. ఈ మొదటి ఏడాది పూర్తి కానివ్వు.

టాలెంట్ గురించి నేనేమీ చెప్పను. కాళ్లు కాగితంలో పట్టడం లేదని నీ అంతట నువ్వు గుర్తించి రాశావు. తప్పు ఎక్కడుందో కనబడుతున్న కన్ను నీకు ఉంది, నాకది చాలు.

మూడు నెలల తర్వాత ఇరవై స్కెచ్‌లు నాకు పంపు. బాగా వచ్చినవి ఏరకు, తేదీల వరసలో పంపు. ప్రతి బొమ్మ కింద బరువు ఏ కాలి మీద ఉందో పెన్సిల్‌తో రాయి. కూర్చున్న మనిషైతే ఎక్కడ ఆనిందో రాయి. నేను ముందు బొమ్మ చూసి నా జవాబు అనుకుని, తర్వాత నువ్వు రాసింది చదువుతాను.